బొటనవేలికి ఒప్పేది

గిటారు కొనబోయేవాళ్ళు చెక్క గురించి అడుగుతారు, తీగల గురించి అడుగుతారు. బొటనవేలికి ఏం తొడుక్కోవాలన్న ప్రశ్న అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది. మెర్ల్ ట్రావిస్, చెట్ అట్కిన్స్ వంటి అమెరికన్ వాద్యకారుల బాణీలో మంద్ర తీగల మీద ఆగకుండా లయ నడిపేది బొటనవేలు. పాట సంగతి మిగతా వేళ్ళు చూసుకుంటాయి. ఆ వేలికి చుట్టుకునే ఒక ప్లాస్టిక్ బద్ద, దానికి పక్కగా చాచిన చిన్న నాలుక. థంబ్ పిక్ అంటే ఇంతే.

వేలికి తొడుగు మనకేం కొత్త కాదు. బుర్రకథలో కథకుడు బొటనవేలికి అందె తొడుక్కుని, ఇంకో అందెతో దాన్ని తాటిస్తూ కథ నడుపుతాడు. వీణ మీద మీటే పని చూపుడువేలిది, మధ్యవేలిది. కొందరు వైణికులు గోరు పెంచుకుంటారు, కొందరు తీగతో చేసిన తొడుగు పెట్టుకుంటారు. మా ఎమ్మిగనూరుకు దగ్గర్లోనే ఉన్న మంత్రాలయంలో 1671లో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి పూర్వాశ్రమంలో గొప్ప వైణికుడని చెబుతారు. అందరూ ఆయన మహిమల గురించి అడుగుతారు. నాకు మాత్రం ఆయన వేలి మీదే కుతూహలం.

థంబ్ పిక్ దుకాణంలో నచ్చడం చాలా తేలిక. తొడగ్గానే తీగ గట్టిగా, మెరిసేలా పలుకుతుంది. ఆ మొదటి నిమిషానికే డబ్బులిచ్చేస్తాం. దాని అసలు గుణం తెలిసేది మూడో పాట తర్వాత. బిగుతైతే గోటి మొదలు తెల్లబడుతుంది, వేలి కొస జివ్వుమంటుంది. వదులైతే లయ ఊపందుకున్న చోట మెల్లగా తిరిగిపోయి, నాలుక అడ్డంగా తీగకు తగులుకుంటుంది. తీశాక వేలి మీద పడిన ఎర్రటి గీతను చూడండి. గిటారును సంచిలో పెట్టేలోపు మాయమైతే ఫరవాలేదు. అన్నం తినేటప్పటికీ ఉంటే, ఆ పిక్ ఎంత బాగా మోగినా మనది కాదు.

సుఖం ఒకటి, నాదం మరొకటి అనుకుని, మంచి నాదం కోసం కాస్త బాధ ఓర్చుకోవాలంటారు కొందరు. ఆ మాట నేను ఒప్పుకోను. పిక్ జారుతుందేమోనని వేలు దాన్ని పట్టుకోవడం మొదలుపెడితే మణికట్టు బిగుసుకుంటుంది. మణికట్టు బిగిస్తే భుజం లేస్తుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన గిటారైనా రేకు డబ్బాలా మోగుతుంది. వేలి నొప్పి తీగలో వినబడుతుంది.

అలాగని మన వేలికి అచ్చుపోసినట్టు సరిపోయేది ఎక్కడో తయారై ఉందనుకుని వెతుక్కుంటూ పోవడమూ దండగే. చాలా రకాల ప్లాస్టిక్ పిక్‌లను వేడినీళ్ళలో కాసేపు ఉంచితే మెత్తబడతాయి. అప్పుడు కాస్త విప్పనూ వచ్చు, ముడవనూ వచ్చు. నాలుక పొడవైతే ఆకురాయి పట్టొచ్చు. సెల్యులాయిడ్ పిక్‌ను మాత్రం మంట దరిదాపులకు తీసుకుపోకూడదు, భగ్గున అంటుకుంటుంది. పత్తి లాంటి పీచును నత్రికామ్లంతో మార్చి, కర్పూరం కలిపి చేసే పదార్థమది. బిలియర్డ్స్ బంతులకు ఏనుగు దంతం బదులు ఏదైనా కావాలని వెతుకుతూ అమెరికాలో హయట్ సోదరులు 1870లో దానికి పేటెంటు తీసుకున్నారు. ఆదోని పత్తి మార్కెట్లో బోరేల మధ్య నిలబడినప్పుడు ఈ సంగతి గుర్తొస్తే నవ్వొస్తుంది. గింజ నుంచి దూది ఒలిచాక మిగిలే పొట్టి నూగు కూడా ఎక్కడో ఒకచోట సంగీతంలోకి చేరే దారి ఉందన్నమాట.

వస్తువు ఎంత వంగాలి, మనిషి ఎంత వంగాలి అన్న లెక్క చేనేతవాళ్ళకు బాగా తెలుసు. మాచాని సోమప్ప 1938లో నేత సహకార సంఘం పెట్టిన ఊరు ఎమ్మిగనూరు. మగ్గం గుంతలో కూర్చున్న మనిషి కుడిచేత్తో తాడు లాగితే నాడె ఈ పక్క నుంచి ఆ పక్కకు పోతుంది. ఆ తాటి చివరి పిడి ఏళ్ళ తరబడి అరిగి, ఒక పక్క నున్నగా గుంట పడి ఉంటుంది. మా వీధి పెద్దాయన్ను ఒకసారి అడిగాను, "కొత్తది వేసుకోరాదా మామా?" అని. "కొత్తది చేతికి ఒప్పల్లంటే మళ్ళీ ఎన్నాళ్ళు కావల్లప్పా!" అన్నాడు, నాడె ఆపకుండానే. పిడి అరిగింది, అరచెయ్యీ కాయ కాసింది. ఎవరి వాటా ఎంతో ఆయన ఎప్పుడూ కొలవలేదు. మనం మాత్రం ఇంట్లో, ఉద్యోగంలో ఆ వాటాలే లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాం.

అసలేమీ తొడుక్కోని బొటనవేలూ ఉంది. వెస్ మాంట్‌గోమరీ పగలు ఫ్యాక్టరీలో పనిచేసి, రాత్రిళ్ళు సాధన చేసేవాడు. ఇరుగుపొరుగుకు ఇబ్బంది అవుతోందని పిక్ మానేసి ఉత్త వేలి కండతో మీటడం అలవాటు చేసుకున్నాడంటారు. జాజ్ గిటారులో ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఆ మెత్తని ధ్వనే. పక్కింటివాళ్ళ నిద్ర కోసం సర్దుకున్నది ఆయన సంతకమైంది. అయితే దీన్ని అందరికీ సూత్రంగా చెప్పలేం. గుడి తిరునాళ్ళలోనో పెళ్ళి ఆర్కెస్ట్రాలోనో డప్పుల పక్కన వాయించే కుర్రాడికి ఆ మెత్తదనం ఏం పనికొస్తుంది?

మా వైపు ఎండాకాలంలో వేళ్ళు కాస్త ఉబ్బుతాయి, చెమటకు ప్లాస్టిక్ జారుతుంది. సంక్రాంతి చలికి అదే వేలు సన్నబడుతుంది. అందుకే నేను ఏప్రిల్‌కు ఒకటి, డిసెంబరుకు ఒకటి ఉంచుకుంటాను. నాదం తీర్పు మాత్రం నా చెవికి వదలను. వాయించేవాడికి తీగ వినబడినంతగా పిక్ టకటక వినబడదు, అలవాటైపోయి ఉంటుంది. వంటింట్లో ఉన్న మనిషి, "ఏంది ఈ పొద్దు, రేకు మీద చినుకులు పడినట్టుంది?" అన్నదంటే నాలుకకు ఇంకాస్త ఆకురాయి పట్టాలి.