దత్తాపహారం

శుక్రవారం పొద్దు వాలేసరికి మా ఇంట్లో రేడియో కట్టేయాలి. మాది నర్సాపురం దగ్గర పల్లె. మేం సెవెంత్ డే అడ్వెంటిస్టులం. అందరూ ఆదివారం చర్చికి వెళ్తే మేం శనివారం వెళ్తాం. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం దాకా సబ్బాతు. ఆ వేళకల్లా అమ్మ వంట ముగించుకుని, రేడియో మీద తను కుట్టిన పూల గుడ్డ కప్పేది. మర్నాడు పొద్దు గుంకిందో లేదో చూడ్డానికి మేం పిల్లలం డాబా ఎక్కేవాళ్లం. గుంకిందని ఎవరు ముందు అరిస్తే గుడ్డ లాగే వంతు వాళ్లది.

అమ్మ చేతికి గాజుల్లేవు, మెడలో గొలుసు లేదు. బాప్తిస్మం తీసుకున్న రోజు అవన్నీ తీసి వాళ్లమ్మ చేతిలో పెట్టేసిందట. అదే రోజు ఇంకొకటి కూడా వదిలేసింది. దాని సంగతి చివర్లో చెబుతాను.

1984లో విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం చేసేటప్పుడు, ఓడల మీద తిరిగే స్నేహితుడొకడు నాకో క్యాసెట్ ఇచ్చాడు. రాత్రి తొమ్మిదింటికి టేప్ రికార్డర్లో పెట్టాను. అది పాటలా మొదలవలేదు, కేకలా మొదలైంది. వెనక పియానోని ఎవరో సుత్తితో కొడుతున్నట్టుంది. రెండో పాటకి పక్క గదాయన తలుపు తట్టి, "ఏమండీ, అంతా బాగానే ఉందా?" అని అడిగాడు. ఆ గొంతు అమెరికన్ రాక్ అండ్ రోల్ గాయకుడు లిటిల్ రిచర్డ్‌ది. ఆ క్యాసెట్ అరిగిపోయేదాకా విన్నాను. అమ్మకి మాత్రం చెప్పలేదు.

2020 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, ఆయన పోయాడని చదివాను. 87 ఏళ్లు. ఆ వార్తలో నన్ను కుర్చీలోంచి లేపింది ఆయన్ని పాతిపెట్టిన చోటు. అలబామా రాష్ట్రం, హంట్స్‌విల్, ఓక్‌వుడ్ యూనివర్సిటీ శ్మశానవాటిక. ఓక్‌వుడ్ మా అడ్వెంటిస్టుల విద్యాసంస్థ. అంటే ముప్పై ఆరేళ్లు నేను అమ్మ దగ్గర దాచిపెట్టిన మనిషి అమ్మ విశ్వాసంవాడే!

అప్పటినుంచీ ఆయన గురించి దొరికిందల్లా చదివాను. చదివేకొద్దీ ఒక ప్రశ్న నన్ను పట్టుకుంది. ఒక మనిషి లోకానికి ఒకటి ఇచ్చి, తర్వాత తనే "అది పాపం, నేనివ్వకుండా ఉండాల్సింది" అంటే, ఎవరి మాట చెల్లుతుంది? ఇచ్చినవాడిదా, పుచ్చుకున్నవాళ్లదా?

ఆయన అసలు పేరు రిచర్డ్ వేన్ పెన్నిమన్. 1932 డిసెంబర్ 5న జార్జియా రాష్ట్రం మేకన్‌లో పుట్టాడు. పన్నెండు మంది పిల్లలు. తండ్రి తాపీమేస్త్రి, చర్చిలో డీకన్. అదే తండ్రి దొంగసారా అమ్మేవాడు, ఒక నైట్‌క్లబ్ నడిపేవాడు. ఆ ఇంట్లో దేవుడికీ దెయ్యానికీ మధ్య గోడ ఎంత పలచనో పిల్లాడికి ముందే తెలిసుండాలి. కొడుకు నడకలో, మాటలో ఆడతనం ఉందని తండ్రికి కోపం. టీనేజీలోనే ఇంట్లోంచి గెంటేశాడు.

1947లో సిస్టర్ రోజెటా థార్ప్ మేకన్ వచ్చింది. గిటార్ భుజాన వేసుకుని దేవుడి పాటలు పాడే ఆవిడ. నైట్‌క్లబ్బుల్లోనూ అవే పాటలు పాడుతుందని చర్చివాళ్లు ఆమెను ఆడిపోసుకునేవారు. పద్నాలుగేళ్ల రిచర్డ్ ఆ హాల్లో కోకాకోలా అమ్మేవాడు. ప్రదర్శనకు ముందు తన పాటలే పాడుతున్న ఈ కుర్రాణ్ణి ఆమె విని, స్టేజీ ఎక్కించి పాడించింది, చేతిలో డబ్బు పెట్టింది. వేదిక మీద ఆయన మొదటి సంపాదన దేవుడి పాటకొచ్చిందన్నమాట.

అక్కణ్ణుంచి 1955 సెప్టెంబర్ 14కి వద్దాం. న్యూ ఆర్లీన్స్‌లో రికార్డింగ్. ఎంత పాడినా నిర్మాత బంప్స్ బ్లాక్‌వెల్‌కి తృప్తి లేదు. మధ్యలో విరామానికి దగ్గర్లోని క్లబ్బుకి వెళ్తే, రిచర్డ్ అక్కడి పియానో మీద పడి క్లబ్బుల్లో పాడుకునే ఒక బూతు పాట ఎత్తుకున్నాడు. బ్లాక్‌వెల్ వెతుకుతున్నది అదే. డొరతీ లబోస్ట్రీ అనే రచయిత్రిని పిలిపించి, బూతు తీయించి, మాటలు మార్పించి, ఉన్న కాస్త సమయంలో రికార్డు చేశారు. అదే 'టూటీ ఫ్రూటీ'. ఆ తర్వాత రెండేళ్లూ ఆయనవే.

1957 అక్టోబర్ 4న రష్యా స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ప్రయోగించింది. అప్పుడు రిచర్డ్ ఆస్ట్రేలియాలో కచేరీలు చేస్తున్నాడు. సిడ్నీలో పాడుతుండగా ఆకాశంలో నిప్పుబంతి పోవడం చూశానని, అది దేవుడి హెచ్చరిక అనుకున్నానని తర్వాత చెప్పాడు. పాటలు మానేస్తున్నానన్నాడు. నమ్మని బ్యాండువాళ్ల ఎదుటే వేలి ఉంగరాలు తీసి నీళ్లలోకి విసిరేశాడు. అమెరికా వెళ్లి ఓక్‌వుడ్ కాలేజీలో బైబిల్ చదువుకి చేరాడు. పాటలు వదిలేసేనాటికి ఆయనకి ఇరవై అయిదేళ్లు కూడా నిండలేదు.

ఈ కథంతా నేను మా వీధిలో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారికి చెప్పాను. ఆయన పకపకా నవ్వారు. "మన పెద్దలు మూడు వైరాగ్యాలు చెప్పారండీ. పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం. పురాణం విన్నంతసేపూ, పురుడు వచ్చినంతసేపూ, శవం కాలినంతసేపూ ఉంటాయవి. మీవాడిది నాలుగోది. ఉపగ్రహ వైరాగ్యం! ఉపగ్రహం రాలిపోగానే అదీ పోయుంటుంది."

నేనూ నవ్వాను గానీ ఒప్పుకోలేకపోయాను. స్పుత్నిక్ మూడు నెలలకే రాలిపోయింది. రిచర్డ్ మాత్రం దాదాపు అయిదేళ్లు దేవుడి పాటల వైపే ఉన్నాడు. ఓడిపోయినవాడు వదిలేస్తే అది అలక. ఈయన శిఖరాన ఉండగా వదిలేశాడు. అది ఉత్తుత్తి వైరాగ్యం కాదు.

ఆయన తిరిగొచ్చిన తీరు చూడండి. 1962 అక్టోబర్‌లో ఇంగ్లండ్ వెళ్లాడు. దేవుడి పాటలు పాడటానికే పిలిచారనుకున్నాడు. మొదటి ఆటలో అవే పాడితే జనం తెల్లమొహాలు వేశారు. తర్వాత వచ్చిన గాయకుడు శామ్ కుక్‌కి హాలు ఊగిపోయింది. అది చూశాక రిచర్డ్ పాత పాటలెత్తుకున్నాడు. ఆ నెలలోనే ఆయన కచేరీలకు ముందు పాడిన స్థానిక కుర్రాళ్ల జట్టు పేరు బీటిల్స్.

1977 ప్రాంతాల్లో మళ్లీ వదిలేశాడు. ఈసారి వెనక తమ్ముడి చావు ఉంది, కొకైన్ ఉంది. బైబిళ్లు అమ్మాడు, ప్రసంగాలు చేశాడు. 1986లో మళ్లీ వచ్చాడు, ఈసారి రాక్ తాళంలో దేవుడి మాటలు పెట్టి. వస్తూ పోతూనే గడిపాడు. మధ్యమధ్యలో పాస్టరుగా సాటి కళాకారుల పెళ్లిళ్లు కూడా చేశాడు.

ఎందుకిలా? మాస్టారు చెప్పినట్టు మనసు నిలవకా? నాకలా అనిపించదు. నా జవాబు ఒక చిన్న శబ్దంలో ఉంది.

రిచర్డ్ పాటలో చరణం నడుస్తుండగా ఉన్నట్టుండి గొంతు ఆకాశానికెగిరి 'ఊ' అంటుంది. అర రెప్పపాటు. మాటేం లేదు, అర్థమేం లేదు. గొంతు తన బరువు వదిలేసుకున్నట్టుంటుంది. ఇది ఆయన సొంతం కాదు. గాస్పెల్ గాయని మేరియన్ విలియమ్స్ దగ్గర నేర్చుకున్నానని ఆయనే చెప్పాడు. ఆమె ఆ కూత వేసింది చర్చిలో, ఆనందం పట్టలేక, దేవుడికి. రిచర్డ్ దాన్ని క్లబ్బుకి మోసుకుపోయాడు. బీటిల్స్‌లో ఒకడైన లివర్‌పూల్ కుర్రాడు పాల్ మెకార్ట్‌నీ దాన్ని ఆయన దగ్గర పట్టుకున్నాడు. బీటిల్స్ పాటల్లో కుర్రాళ్లు తలలూపుతూ 'ఊ' అనే చోట జుట్టు పీక్కుని ఏడ్చిన ఆడపిల్లలకు, తాము వింటున్నది ఒక నల్లజాతి చర్చి స్తోత్రం తునక అని తెలియదు.

మరి రిచర్డ్ దెయ్యం పాటలని వదిలేసినవి ఏమిటి? చర్చి నుంచి తను తెచ్చుకున్నవే. ఉంగరాలు వేలికి తొడుక్కున్నవి, విసిరేయొచ్చు. ఆ కూత గొంతులో పుట్టి పెరిగింది. దాన్ని వదిలించుకోవడానికి ఎన్నిసార్లు చర్చిలోకి పరిగెత్తినా, అది అక్కడే కూర్చుని ఎదురుచూస్తూ ఉంటుంది. ఎందుకంటే దాని పుట్టిల్లు అదే.

అలాగని ఆయన భయాన్ని కొట్టిపారేయను. నేనూ ఆ విశ్వాసంలోనే పెరిగాను. క్రీస్తు రెండో రాకడ ఏ రాత్రయినా కావచ్చని నమ్మే ఇంట్లో, ఆకాశంలో కొత్త వెలుగు కనబడితే గుండె ఎలా ఝల్లుమంటుందో తెలుసు. పైగా ఆయన పారిపోయింది పాట నుంచి మాత్రమే కాదు. వేదిక దిగాక తన బతుకు ఏమవుతోందో తనకే తెలుసు. మనం డబ్బిచ్చి పాట కొనుక్కున్నాం. మిగతా ఖర్చు ఆయన భరించాడు. వదిలేస్తానంటే కాదనడానికి మనమెవరం?

ఇక్కడిదాకా నాకు పేచీ లేదు. పేచీ అంతా వదిలేయడానికీ, వెనక్కి తీసుకోవడానికీ ఉన్న తేడా దగ్గర.

1958 మొదట్లో రిచర్డ్ పాటలు మానేసి నెలలైంది. ఆ జనవరిలోనే ఆయన రికార్డు కంపెనీ 'గుడ్ గాలీ మిస్ మాలీ' విడుదల చేసింది. 1956లో పాడి ఉంచిన పాట. పాడినవాడు బైబిల్ దారి పట్టాడు, పాట ఊరూరా గెంతుతోంది. అమెరికా దక్షిణాదిలో ఆయన కచేరీలకు తెల్లవాళ్లనీ నల్లవాళ్లనీ వేరువేరుగా కూర్చోబెట్టేవారు. కొన్నిచోట్ల మధ్యలో తాడు కట్టేవారు. పాట మొదలయ్యాక ఆ తాడు ఆగేది కాదు, రెండు వైపులవాళ్లూ కలిసి ఆడేసేవాళ్లు. చెట్టుని పండుని బట్టి చూడమని మాకు ఆదివారం బడిలాంటి మా సబ్బాతు బడిలో నేర్పారు. తెగిన తాడు ఏ చెట్టు పండు?

ఇంకా కష్టమైన సంగతి ఉంది. ఆడంగివాడని తండ్రి గెంటేసిన పిల్లాడే కళ్లకు కాటుక పెట్టి, జుట్టు గోపురంలా దువ్వి, మెరిసే బట్టలతో దేశం ముందు నిలబడ్డాడు. అలాంటి పిల్లలు ఎందరో ఆయన్ని చూసి ఊపిరి పీల్చుకున్నారు. ఒకప్పుడు తాను గే అని బాహాటంగా చెప్పాడు. 2017లో, చివరి ఏళ్లలో, ఒక క్రైస్తవ టీవీ చానల్లో అది దేవుడు మెచ్చనిదని చెప్పాడు. ఆయన్ని చూసి బతికినవాళ్లకు ఆ మాట ఎంత కోసిందో ఊహించగలను.

మన భాషలో దీనికో మాటుంది. దత్తాపహారం. ఇచ్చినదాన్ని మళ్లీ లాక్కోవడం. మన ధర్మశాస్త్రాలు దాన్ని పాపాల్లో లెక్కేశాయి. మాస్టారే గుర్తుచేశారు. "ఇచ్చేదాకా అది మీది. నీళ్లు వదిలాక మీది కాదు. దానం ఇచ్చి పశ్చాత్తాపపడితే పడండి, ఆవుని మాత్రం తోలుకుపోకూడదు" అన్నారు. నా తీర్పూ అదే. వదిలేసే హక్కు రిచర్డ్‌ది. తన ఆత్మ లెక్క తనది. కానీ ఆ కూత విని భయం పోగొట్టుకున్నవాళ్ల దగ్గర్నుంచి ఆ ధైర్యాన్ని వెనక్కి తెచ్చుకునే హక్కు ఆయనకు లేదు. దేవుడి పేరు చెప్పినా లేదు. ఆ మాటకొస్తే, ఆ కూత ఆయనకీ ఒకరు ఇచ్చిందేగా.

ఇప్పుడు అమ్మ సంగతి. బాప్తిస్మం రోజు గాజులతో పాటు అమ్మ వదిలేసింది ఊడుపు పాటలు. పెళ్లికి ముందు వాళ్ల ఊళ్లో నాట్లు వేసేటప్పుడు పాట ఎత్తుకునేది అమ్మేనట. మిగతా ఆడవాళ్లు అందుకునేవారట. కొంచెం సరసం, కొంచెం ఎకసెక్కెం ఉండే పాటలు. దేవుడి బిడ్డ నోట రావలసినవి కావని మానేసింది. మేం ఎంత అడిగినా ఒక్కటీ పాడలేదు.

రిచర్డ్ పోయిన నెలలోనే, ఎనభై నాలుగేళ్ల అమ్మకి ఆయన కథంతా చెప్పాను. క్యాసెట్ సంగతి కూడా. శ్రద్ధగా విని, "మన సభవాడేగా, నిద్రపోతున్నాడులే. ప్రభువొచ్చి లేపుతాడు. అప్పుడు ఆయన్నే అడుగుదువుగాని" అంది. మా నమ్మకం అది. చనిపోయినవాళ్లు ఎక్కడికీ పోరు, బూర మోగేదాకా మట్టిలో నిద్రపోతారు.

ఆ ఏడాది నాట్ల రోజుల్లో పని మీద అమ్మ పుట్టినూరు వెళ్లాను. చేలో ఒక ముసలావిడ పాట ఎత్తుకుంటే పదిమంది అందుకుంటున్నారు. గట్టు మీద నిలబడి, ఎవరు నేర్పారని అడిగాను. మా అమ్మ పేరు చెప్పింది.