వ్యసన విముక్తికి ప్రసాదభావము

శ్రీ గురు బసవలింగాయ నమః



జల్‌పల్లి మొదలుకొని ఇబ్రహీంపట్నము వఱకు గల మన పల్లెలలో తాటిచెట్టును, ఈతచెట్టును ఎఱుగనివా రుండరు. కల్లుగీత యొక కాయకము. దానిని నిందించుట మన పని కాదు. కల్లమ్ముటయే వృత్తిగా గల హెండద మారయ్య పండ్రెండవ శతాబ్దమున శివశరణుల గణములో నిలిచి వచనములు చెప్పినాడు. వృత్తిని బట్టి మనుష్యుని త్రోసివేయని ధర్మము మనది. కాని త్రాగుడు నేడు లింగధారుల గృహములలో సైతము ప్రవేశించినది. దీనిని దాచిపెట్టినందువలన ఏ కుటుంబమును బాగుపడలేదు.

త్రాగుబోతు గల యింట తఱచుగా వినబడు మాటలు రెండు. “అంతా పూర్వజన్మ కర్మ” అనునది మొదటిది. “వానిని వదిలివేసితిమి” అనునది రెండవది. పైకి మొదటిది అంగీకారమువలెను, రెండవది త్యాగమువలెను తోచును. నిజమున కీ రెండును నిరాశకు పెట్టిన పేర్లు. శ్రీగురువు దీక్ష నొసగి ఇష్టలింగమును అరచేత నుంచినప్పుడే పూర్వకర్మ నశించినదని మన శాస్త్రము. అట్టి లింగమును కంఠమున ధరించి, కర్మము పేరు చెప్పి చేతులు ముడుచుకొనుట యెట్లు పొసగును?

సరియైన అంగీకారము వేఱు. “ఎప్పుడు కావలెనన్న అప్పుడు మానగలను” అని చెప్పని వ్యసనపరుడు లేడు. ఆ మాటలోని ‘నేను’ అనునదే అతనిని బంధించుచున్న త్రాడు. పగ్గము తన చేతినుండి ఎన్నడో జాఱినదని ఒప్పుకొనుట అంగీకారము. ఆ ‘నేను’ను లింగమునకు సమర్పించుట విడుపు. 1935లో అమెరికా దేశపు ఏక్రన్ నగరమున బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అను ఇరువురు త్రాగుడు బాధితులు ఒకరి కొకరు తోడై మద్యమును విడిచి, ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ అను సంఘమునకు మూలపురుషులైరి. తమ శక్తి చాలదని ఒప్పుకొనుటయే వారి మార్గమున తొలిమెట్టు. షట్స్థలము నెఱుగని వారికిని అనుభవము ఈ ద్వారమునే చూపినది.

మన షట్స్థలక్రమమున భక్తస్థలము తరువాత మాహేశ్వరస్థలము, దానిపైన ప్రసాదిస్థలము వచ్చును. మాహేశ్వరునిది నిష్ఠ, వ్రతము. మనవారు చాలమంది ఇక్కడనే ఆగుదురు. మఠములో ఒట్టు పెట్టించుదురు, బిడ్డ తలపై చేయి వేయించుదురు. ఒట్టు కొన్నాళ్లు నిలుచును, పిమ్మట తెగును; తెగిన ఒట్టు తెచ్చిన సిగ్గును మఱచుటకు మఱల త్రాగుదురు. నిష్ఠ అక్కఱలేదని నా భావము కాదు. నిష్ఠపైన ప్రసాదభావము నుంచిన పెద్దల వివేకమును గమనింపుడు. లింగార్పితము కానిదానిని భక్తుడు ముట్టరాదు. మద్యమును అర్పింపరాదు గనుక అది అతనిది కాదు. అంతటితో ఆ వాదము ముగిసినది. కాని మద్యము మానిన తొలిదినములలో వచ్చు దాహము, నిదురలేమి, అవమానము — వీనిని అర్పింపవచ్చును. వణకుచున్న అరచేతనే లింగము నుంచుకొని కూర్చుండవచ్చును. చేయి స్థిరపడిన పిదప పూజ చేసెదనని వాయిదా వేయనక్కఱలేదు. అర్పించిన పిదప మిగిలిన దినము ప్రసాదము. చేదైనను ప్రసాదమును పాఱవేయరు గదా!

ఇచ్చట ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. చిరకాలము త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో మూర్ఛలు, మతిభ్రమ కలుగవచ్చును. ప్రాణమునకే ముప్పు రావచ్చును. 2015 సెప్టెంబరులో తెలంగాణమున కల్తీకల్లుపై దాడులు జరిగి ఆ మత్తు అందకపోగా, నిజామాబాదు, మహబూబ్‌నగరు మొదలగు జిల్లాలలో వందలాది మంది వికలచిత్తులై ఆసుపత్రుల పాలైరి. హైదరాబాదు ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యాలయమునకును ఎందరనో తీసికొనివచ్చిరి. ఆ కల్లులో క్లోరల్ హైడ్రేటు, ఆల్ప్రజోలము వంటి నిద్రమందులు కలిసియుండెడివి. కావున గదిలో పెట్టి తాళము వేయుట, భూతవైద్యునికి చూపుట మానవలెను. ముందు వైద్యుని దర్శింపుడు. వైద్యుని కాయకము సైతము శివుని సేవయే. మందు పుచ్చుకొనుట విశ్వాసలోపము కాదు.

విడుపునకు కొలత యెంత? ఆయ్దక్కి మారయ్య కల్యాణమున నేలరాలిన బియ్యపుగింజల నేఱి తెచ్చి దాసోహము చేయువాడు. ఒకనాడు అలవాటుకంటె ఎక్కువ తెచ్చినాడు. భార్య లక్కమ్మ దానిని చూచి, అధికమైనదానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపినది. నాటి కాయకము నాటికే. మద్యము విడుచువానికి ఈ కొలత చాలును. జన్మాంతము త్రాగనని పెద్దమాట పలుకనేల? ఉదయము లింగపూజవేళ ఈ దినమును మాత్రమే అర్పించుకొనవలెను. రేపటి గింజలు రేపు.

లక్కమ్మ కథలో ఇంటివారికిని పాఠము కలదు. ఆమె భర్తను దూషింపలేదు, ఇల్లు విడువలేదు. తప్పును తప్పని మాత్రము స్పష్టముగా చెప్పినది. అంగీకారమనగా దెబ్బలను సహించుట కాదు, త్రాగుటకు సొమ్మిచ్చుట కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమము వ్యాపించి 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడినది. ప్రభుత్వము మూసిన తలుపును ప్రభుత్వమే తెఱువగలదు. ఇంటిలోని తలుపు ఇంటివారిది.

ఆ యింటివారు విడువవలసినది వేఱొకటి కలదు: పాతపద్దు. మానినవాని యెదుట అమ్మిన పొలమును, కుదువబెట్టిన నగను అనుదినము ఎత్తిచూపుట దీక్షాధర్మమునకు విరుద్ధము. భక్తుడైనవానిని అతని పూర్వాశ్రయముతో పిలువరాదని మన ఆచారము. అప్పులు తీర్చవలసినదే, దానిని అతని కాయకము తీర్చును. పొలమునకో అంగడికో వేళకు పోయి వచ్చుచున్నవానికి ఆ నడకయే సగము మందు.

మఠాధిపతులకును, పెద్దలకును ఒక విన్నపము. కొందఱు మానియు మఱల జాఱుదురు. అట్టివాడు సోమవారమున తల వంచుకొని మఠద్వారమున నిలిచినప్పుడు లోనికి పిలువుడు. ఒంటిలో నలత కనబడినచో తోడు వెళ్లి వైద్యునికి చూపింపుడు. పంక్తిలో ప్రక్కవానికి ఎట్లు వడ్డింతురో అతనికిని అట్లే వడ్డింపుడు. గడచిన వారము ఎక్కడ నుంటివని అడుగనక్కఱలేదు.