మరణశిక్ష ఖైదీకి బోధ: బోధకుని ధర్మం

ఉరిశిక్ష పడిన ఖైదీ వద్దకు వెళ్లే ధర్మబోధకుడు తాను ఎవరి పక్షాన ఆ గదిలో అడుగుపెడుతున్నదీ ముందుగా నిశ్చయించుకోవాలి. ఖైదీ అలజడి లేకుండా ఉరికంబం ఎక్కాలని జైలు యంత్రాంగం ఆశించవచ్చు. అతని నోట నిజం వినాలని బాధిత కుటుంబాలకు ఉండవచ్చు. తన మతంలోకి ఒకరు వచ్చారన్న తృప్తి బోధకునికే కావలసి ఉండవచ్చు. ఇవేవీ తన పని కావని, ఆ మనిషి తన అంతరాత్మ ఎదుట నిలబడేందుకు తోడుగా ఉండడమే తన పని అని గుర్తించినవాడే ఆ బాధ్యతకు అర్హుడు.

మరణదినం ముందే తెలిసిన మనిషికి చేసిన బోధకు తెలుగువారు ఎరిగిన ఉదాహరణ, పోతన తెనిగించిన భాగవతంలోని పరీక్షిత్తు కథ. వేటలో దప్పిగొన్న రాజు, ధ్యానంలో ఉన్న శమీక మహర్షి పలకలేదన్న కోపంతో ఆయన మెడలో చచ్చిన పామును వేయగా, ముని కుమారుడు శృంగి ఏడవనాడు తక్షకుని కాటుతో చనిపోతావని శపించాడు. రాజు తన తప్పును తానే ఒప్పుకొని, గంగ ఒడ్డున ప్రాయోపవేశానికి, అంటే అన్నపానాలు విడిచి మరణానికి ఎదురుచూసే వ్రతానికి, పూనుకున్నాడు. మరణం దగ్గరపడినవాడు చేయవలసినదేమిటని అడిగింది పరీక్షిత్తే; అతను అడిగిన తరువాతనే శుకమహర్షి చెప్పనారంభించాడు. ఆ మహర్షి రాజు చేసిన తప్పును తేలిక చేసి బుజ్జగించలేదు, దాన్ని పదేపదే ఎత్తిపొడవలేదు, తన బోధకు ప్రతిఫలం కోరలేదు.

నేటి చట్టంలోనూ ఈ మర్యాద కనిపిస్తుంది. రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన అంతఃకరణ స్వేచ్ఛ, అంటే విశ్వాస విషయంలో తన మనసు చెప్పినట్లు నడుచుకునే హక్కు, జైలు గోడ దగ్గర ఆగిపోదు. 2016 నాటి నమూనా కారాగార నియమావళి ఉరిశిక్ష ఖైదీకి మతగ్రంథాలు, దేవుని పటం, జపమాల దగ్గర ఉంచుకునే వీలు కల్పిస్తూ, అతను కోరితే అతని మతగురువును ఉరితీసే చోటికి సైతం అనుమతించవచ్చని చెబుతుంది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు, మతగురువును కలిసే అవకాశం ఏ ఖైదీకీ నిరాకరించరాదంటూనే, ఖైదీ వద్దంటే ఆ నిర్ణయాన్ని పూర్తిగా గౌరవించాలంటాయి. ఇందుకు భిన్నంగా, కోయిలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని జనం చూస్తుండగా ఉరితీసి, తలను 1877 వరకు కోటకు వేలాడదీసి ఉంచిన ఆంగ్లేయ పాలన, ఒక మనిషి మరణాన్ని ఇతరులకు హెచ్చరికగా వాడుకుంది. ఖైదీ పశ్చాత్తాపాన్ని లోకానికి చూపించడానికి పూనుకునే బోధకుడు, ఉద్దేశం మంచిదే అయినా, ఆ మనిషిని అలాగే వాడుకున్నవాడవుతాడు.

బోధకుని వివేకానికి అసలైన పరీక్ష ఆశ విషయంలో ఎదురవుతుంది. 1993 మార్చి 8న చిలకలూరిపేట వద్ద దోపిడీకి దిగినవారు ఆర్టీసీ బస్సుకు నిప్పంటించగా 23 మంది ప్రయాణికులు మరణించారు. ఈ కేసులో ఇద్దరు దళిత యువకులకు పడిన ఉరిశిక్షను సుప్రీంకోర్టు 1996లో ఖాయం చేసింది. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష నిరాకరించడంతో 1997 మార్చి 29న ఉరి తీయాలని నిర్ణయమైంది. రచయిత్రి మహాశ్వేతాదేవి ప్రభృతుల ప్రయత్నంతో ఉరి వేళకు కొద్ది ముందు సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. మరుసటి ఏడు రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ శిక్షను యావజ్జీవ కారాగారంగా మార్చారు. అలాంటి ఘడియలో ‘ఇది దైవనిర్ణయం, ఇక ప్రయత్నాలు మానుకో’ అని ధర్మం పేరిట చెప్పేవారు ఖైదీకి మిగిలిన ఒక్క దారినీ మూసినవారవుతారు. శత్రుఘ్న చౌహాన్ కేసులో 2014 జనవరి 21న వెలువడిన సుప్రీంకోర్టు తీర్పు, క్షమాభిక్ష తిరస్కరించినట్లు ఖైదీకి తెలిపిన తరువాత ఉరికి కనీసం 14 రోజుల వ్యవధి ఉండాలని ఆదేశిస్తూ, ఖైదీ దేవునితో సమాధానపడడం, కుటుంబాన్ని చివరిసారి కలవడం, న్యాయపరమైన ప్రయత్నాలు చేసుకోవడం ఆ వ్యవధిలోనే జరగాలని భావించింది. మరణానికి సిద్ధపడడం, బతుకు కోసం అర్జీ పెట్టుకోవడం పరస్పర విరుద్ధాలు కావు.

పశ్చాత్తాపం విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. న్యాయస్థానాలు పొరబడే అవకాశం ఉన్నంతకాలం, నేరం ఒప్పుకుంటేనే శాంతి దొరుకుతుందని చెప్పడం నిర్దోషిని దేవుని ఎదుట అబద్ధమాడమని బలవంతపెట్టడమే అవుతుంది. నేరం నిజంగా చేసినవానికి, చనిపోయినవారి తరఫున క్షమాపణ ప్రసాదించే అధికారం కూడా బోధకునికి లేదు, ఎందుకంటే ఆ దుఃఖం బాధిత కుటుంబాలది, క్షమించే హక్కూ వారిదే. నమ్మి చెప్పుకున్న మాటను గది దాటనివ్వకపోవడం, గీత అడిగినవారికి గీత, బైబిల్ అడిగినవారికి బైబిల్, ఖురాన్ అడిగినవారికి ఖురాన్ వినిపించడం, ఏదీ వద్దన్నవారి పక్కన ఊరకే కూర్చోవడం బోధకుని కనీస ధర్మాలు.

ఇంతకూ ఆ బోధ మంచిదో కాదో తేల్చుకోవడానికి ఒక కొలమానం ఉంది. ఉరి ఆగిపోయి, అదే మనిషి ఇంకా ఏళ్ల తరబడి జైలులో బతకవలసి వస్తే, అతను విన్న మాటలు అప్పటికీ అక్కరకు రావాలి. చేసినదాని బరువు మోస్తూ సాటివారితో మనిషిగా మెలగడానికి అవి తోడ్పడితే ఆ బోధ ధర్మమైనది; ఉరికంబం వరకు నోరెత్తకుండా నడిపించడానికి మాత్రమే పనికివచ్చేవైతే, అది మతం పేరిట జరిగిన జైలు పని మాత్రమే.