వెనుకనున్నవాని నడక

ధ్యాన భాగము: ఆదికాండము 33వ అధ్యాయము, 12 నుండి 17 వచనములు



ఏశావు నాలుగు వందల మందితో ఎదురుగా వచ్చెను. ఇరువది ఏండ్ల పగ ఆ ఉదయమున కన్నీటిలో కరగిపోయెను. అన్నదమ్ములు కౌగిలించుకొని ఏడ్చిరి. ఇక కలిసి పోవుదము రమ్మని అన్న పిలిచెను. తానే ముందు నడుతునని కూడ చెప్పెను. మంచి మనస్సుతో చెప్పిన మాట. మనమైతే వెంటనే మూటలెత్తి బయలుదేరియుందుము. యాకోబు బయలుదేరలేదు. పిల్లలు పసివారనియు, మందలో పాలిచ్చునవి ఉన్నవనియు, వాటిని ఒక్క దినము తరిమినను మంద మిగులదనియు చెప్పెను. నీవు ముందు సాగుము, ఇవి ఎట్లు నడువగలవో అట్లే నేను మెల్లగా వత్తునని బదులు పలికెను.

ఈ మాట చెప్పినవాడు ఆ ఉదయమే తొడ గూడు వసిలి కుంటుచు నదిని దాటి వచ్చినవాడు. కుంటువాని నోటనే ఈ మాట రావలెను కాబోలు. (శేయీరునకు వత్తునని చెప్పి యాకోబు సుక్కోతునకు పోయెను గదా, అది కపటము కాదా అని అడుగువారున్నారు. తగిన ప్రశ్నయే. దానిని వేరొక నెల చూచుకొందము.)

ఈ భాగమును ఇప్పుడు తీయుటకు కారణము ఒక ఉత్తరము. మన ఆదివారబడిలో చదువుకొని, ఇప్పుడు ఇంగ్లండులో పైచదువు చదువుచున్న ఒక యువకుడు వ్రాసినది. ఫోనులో వచ్చినదే అయినను నాలుగు పుటలకు తక్కువ కాదు. చివర ఒక ప్రశ్న ఉన్నది. అతని అనుమతితోనే ఇక్కడ చెప్పుచున్నాను.

వేల్సు దేశపు ఉత్తర భాగమున ఎరెరి అను పర్వత ప్రాంతమున్నది. దానికి స్నోడోనియా అను ఇంగ్లీషు పేరు ఉండెను. 2022లో అక్కడి పార్కు అధికారులు తమ భాషలోని పేరునే వాడవలెనని తీర్మానించిరి. వేల్సు మన విశ్వాసులకు కొత్త పేరు కాదు. 1904లో ఉజ్జీవము రగిలిన దేశమది. ఆ మంట మరుసటి ఏడు మన దేశములోని ఖాసీ కొండలవరకు ప్రాకెను. 1800లో మేరీ జోన్సు అను పేదపిల్ల కూడబెట్టిన డబ్బుతో బైబిలు కొనుటకు బాలా పట్టణమువరకు కాలినడకను పోయినదని పిల్లలకు చెప్పుచుందుము గదా, అదియు ఆ కొండల దేశమే.

ఆ ప్రాంతమున అన్నిటికంటె ఎత్తైనది స్నోడన్ శిఖరము, 1,085 మీటర్లు. మన తిరుమల కొండలకంటె మిక్కిలి ఎత్తైనది కాదు. అయితే దాని ప్రక్కన క్రిబ్ గోఖ్ అను ఒక రాతి శిఖ ఉన్నది, 923 మీటర్లు. ఆ పేరునకు ఎఱ్ఱని శిఖ అని అర్థము. మట్టిగోడ మీది అంచువలె సన్నగా, ఇరువైపుల లోయలతో, కొన్ని వందల మీటర్ల దూరము సాగును. ఉత్తరపు వైపు నిట్టనిలువు. దక్షిణపు వైపు కొంచెము వాలు ఉండుటచేత జనులు ఆ వైపున అంచునకు కాస్త దిగువను పాదములు పెట్టి, అంచును చేతులతో పట్టుకొని, ప్రక్కకు ప్రక్కకు జరుగుచు పోవుదురు. రెండు చేతులు, రెండు కాళ్లు అను నాలుగింటిలో మూడు ఎల్లప్పుడు రాతిని అంటియుండవలెను. ఒక్కటి మాత్రమే కదలవలెను. ఇది అక్కడి మొదటి పాఠము. సంవత్సరమునకు 4,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురియు చోటు గనుక మబ్బు లేని దినము తక్కువ.

వీరు ఏడుగురు. అందులో నలుగురు తెలుగువారు. వారిలో ఒకామె ఆసుపత్రిలో నర్సు, ఏబది ఏండ్లకు దగ్గరగా ఉన్న తల్లి. ముందు నడిచినది ఆ కొండలలోనే పుట్టి పెరిగిన ఒక పెద్దాయన. పెన్-ఇ-పాస్ అనుచోట బయలుదేరిరి. అది 359 మీటర్ల ఎత్తున ఉన్నది. కొంత దూరము ఎక్కిన తరువాత దారి రెండుగా చీలును. ఒకటి స్నోడన్ శిఖరమునకు పోవు కాలిబాట, మరియొకటి రాతి శిఖ మీదికి పోవునది. తెలియనివారు కాలిబాట అనుకొని శిఖ మీదికి పోయి ఆపదలో పడుటయు కలదట.

అప్పటికి మబ్బు వారి తలల మీదికి దిగియుండెను. వాన లేదు, గాలి తక్కువ. పెద్దాయన అందరిని ఆపి చెప్పినదేమనగా: "పైకి పోవుదము. అయితే ఎవరును ఒంటరిగా ముందుకు పోరాదు, ఎవరును ఒంటరిగా వెనుకకు తిరుగరాదు." తరువాత వారిని వరుసలో నిలిపెను. తన వెంటనే, రెండవ చోట, ఆ నర్సమ్మను నిలిపెను. అందరికంటె బలముగల యువకుని, అనగా మన ఉత్తరము వ్రాసినవానిని, కట్టకడపట నిలిపెను. అతనికి ఇది నచ్చలేదు. "నన్ను వెనుకకు నెట్టినట్లు అనిపించినది అయ్యగారూ" అని వ్రాసెను.

ఇక్కడ కొంచెము ఆగుదము. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో మోషే ఒక పాత గాయమును జ్ఞాపకము చేయుచున్నాడు. ఇశ్రాయేలీయులు ఐగుప్తునుండి వచ్చుచుండగా అమాలేకీయులు దాడి చేసిరి. ఎక్కడ? ముందు నడచు పరాక్రమవంతుల మీద కాదు. అలసి సొలసి వెనుకబడినవారిమీద, తోకవద్ద. శత్రువునకు మన వరుస బాగుగా తెలియును. బలవంతులందరు ముందునకు పోయినప్పుడు వెనుక ఎవరు మిగులుదురో అతడు చూచుచుండును. పెద్దాయన అతనిని వెనుకకు నెట్టలేదు. అమాలేకీయుడు వచ్చు తట్టున కావలి పెట్టెను.

శిఖ మీదికి వచ్చినప్పుడు నర్సమ్మ కూర్చుండిపోయెను. చేతులు రాతిని వదలవు, కాలు ముందుకు పడదు. చిత్రమేమనగా, మబ్బుచేత లోయ కనబడుటయే లేదు. కనబడని లోతు కొందరికి మేలు, కొందరికి అదే ఎక్కువ భయము. ఆమెకు ఎంత లోతో తెలియకపోవుటయే భయమాయెను. ఎవరును ఆమెను లాగలేదు. "భయమెందుకు" అనియు అనలేదు. ఆ మాట వలన ఎవరి భయమైనను పోయినట్లు నేనెరుగను. పెద్దాయన ఆమె ప్రక్కన కూర్చుండి వేడి టీ ఇచ్చి, అందరిచేత సంచిలోని రెండవ కోటు తొడిగించి, ఆమె పిల్లలను గూర్చి అడుగుచు ఉండెను. నలువది నిమిషములు గడచెను.

ఆ నలువది నిమిషములు ఊరకుండుట కాదు, ప్రియులారా. తడి మబ్బులో కదలక కూర్చున్న దేహము త్వరగా చల్లబడును, చల్లబడిన దేహము తప్పటడుగు వేయును. కనిపెట్టుట అనునది ఒక పని. నిర్గమకాండము 24లో డెబ్బదిమంది పెద్దలు మోషేతో కూడ కొండ ఎక్కిరి. తరువాత వారిని అక్కడనే ఉండి కనిపెట్టుడని చెప్పి మోషే మేఘములోనికి వెళ్లెను. నలువది దినములాయెను. కొండ క్రింద జనులు ఏమి చేసిరో 32వ అధ్యాయము చెప్పును. అహరోను చేతనే దూడ తయారాయెను. వారిని చెరిపినది నడక కాదు, కనిపెట్టు కాలమును దేనితో నింపవలెనో తెలియకపోవుట.

తరువాత ఆమె లేచెను. ఒక్కొక్క పట్టు, ఒక్కొక్క అడుగు. పెద్దాయన ఆమె పాదము పెట్టవలసిన చోటును చేతితో తట్టి చూపుచు పోయెను. మూడు రాతి స్తంభములను దాటిరి, ఎఱ్ఱ కనుమకు దిగిరి, ఇంకొక శిఖ ఎక్కిరి. సాయంకాలమునకు ఒక నిలువు రాయి వద్దకు వచ్చిరి. క్రిందికి పోవు కాలిబాట తలవద్ద, మబ్బులో దారి తప్పకుండ పాతిన రాయి అది. అక్కడినుండి స్నోడన్ శిఖరము పావుగంట నడక. నర్సమ్మ మోకాళ్లు వణకుచున్నవి, పొద్దు వాలుచున్నది. ఇద్దరు మాత్రము పరుగున పోయి వత్తుమనిరి. పెద్దాయన తల అడ్డముగా త్రిప్పెను. ఏడుగురును క్రిందికి దిగిరి.

ఉత్తరములోని ప్రశ్న ఇదే: "పావుగంట దూరమున్న శిఖరమును విడిచి వచ్చితిమి అయ్యగారూ. ఆమె ఒక్కతె కొరకు ఆరుగురము నష్టపోవుట న్యాయమా?"

నష్టపోలేదని తేలికగా చెప్పను. నష్టమున్నది. అతడు ఆరు నెలలు డబ్బు దాచుకొని పోయిన ప్రయాణము అది. యాకోబు మెల్లగా నడచినప్పుడును నష్టమాయెను. అన్నతో కలిసి నడచు భాగ్యము పోయెను. నెమ్మదిగా నడచువారికి ఖర్చేమియు లేదని బోధించువాడు మందను తోలియుండలేదు. కొండవీడు తట్టున మేకలు కాచువారిని అడుగుడి. దారిలో ఈనిన మేక కొరకు ఆగిన దినమున మంచి మేత ఇతరుల మందకు పోవును. అయినను ఆగుదురు, పిల్లను గొంగళిలో చుట్టి భుజాన వేసికొందురు. ఏలయనగా మంద అనగా ముందు నడచు నాలుగు పోతులు కాదు.

అయితే ఇంకొక మాట కూడ చెప్పవలెను; లేనియెడల సోమరులు ఈ పుటను కత్తిరించి దాచుకొందురు. సంఖ్యాకాండము 9లో మేఘము ఒక రాత్రి నిలిచినను, రెండు దినములు నిలిచినను, నెల నిలిచినను జనులు నిలిచిరి. అది లేచినప్పుడు పగలైనను రాత్రియైనను బయలుదేరిరి. బలహీనుని పేరు చెప్పి తన బద్ధకమును కాపాడుకొనువాడు మెల్లగా నడచుట లేదు, కూర్చున్నాడు. నర్సమ్మ లేచినది గదా! ఆమె నడక మెల్లనిదే గాని నడకయే.

ఇప్పుడు మన సంగతి. మందిరపు స్లాబు క్రిస్మసునకు ముందే పడవలెనని కొందరి కోరిక. మంచి కోరిక, ఏశావు మాటవలె మనస్సులోనుండి వచ్చినదే. ఇంటికింత అని చందా నిర్ణయించితిమి. ఇచ్చినవారి పేర్లు ఆరాధనలో చదివితే తక్కినవారికి రోషము పుట్టునని కమిటీలో ఒక ఆలోచన వచ్చినది. చదువనని నేను అక్కడనే చెప్పితిని. చందా ఇయ్యలేని పదకొండు ఇండ్లవారు ఆదివారమున కనబడుట మానిరి. మిరపకోతల కూలి చేతికి రాలేదు. ఒక ఇంట ఆసుపత్రి అప్పు ఉన్నది. మందిరము తలుపు వారి ముఖముమీద ఎవరును వేయలేదు, నిజమే. వారే సిగ్గుచేత రాలేదు. అమాలేకీయుడు వచ్చునది ఆ తోకవద్దకే. స్లాబు పడి, పదకొండు కుటుంబములు లేని మందిరములో క్రిస్మసు పాట పాడినయెడల ఆ పాట ఎవరికి వినబడును?

ఆ యువకునికి నేను వ్రాసిన జవాబు చిన్నది: శిఖరము ఎక్కడికిని పోదు, మరల వెళ్లుము, ఆమెను కూడ అడిగి చూడుము. అతడు అడిగెనట. ఆమె ఆలోచించి చెప్పుదుననెనట.

వచ్చు నెల మొదటి ఆదివారము ఆరాధన తరువాత సంఘపు పెద్దలు ఇద్దరిద్దరుగా ఆ పదకొండు ఇండ్లకు వెళ్లుదురు. ప్రతి జతలో ఒకరు స్త్రీల సమాజమువారై ఉండవలెను. ప్రార్థన చేసి, వారు పెట్టిన మంచినీళ్లు త్రాగి రావలెను. రసీదు పుస్తకము మాత్రము ఎవరును వెంట తీసికొని పోరాదు.