అద్దాల బీరువాలో అంగుస్తానాలు

సుజాతా,

నువ్వు పంపిన ఫొటోలు మీ పెద్దమ్మ ఫోను పట్టుకుని చూపిస్తే భూతద్దం పెట్టి మరీ చూశాను. బీరువా నిండా కుట్టేటప్పుడు వేలికి తొడిగే అంగుస్తానాలే. పూలు దిద్దిన పింగాణీవి, వెండివి, ఇత్తడివి. బాగున్నాయి. ఆఖరి ఫొటోలో బీరువా తలుపు పట్టుకున్న నీ చెయ్యి కూడా చూశాను. రెండు వేళ్లకు ప్లాస్టర్లు. ఇన్ని పోగేసిన పిల్లవి ఉత్త వేళ్లతో కుడుతున్నావన్నమాట!

నువ్వు గొప్పగా చెప్పిన ఆ డోర్కస్ అంగుస్తానా సంగతే తీసుకో. ఇంగ్లండులో హాలిఫాక్స్ ఊళ్లో నగల వ్యాపారి చార్లెస్ హోర్నర్ 1884లో దానికి పేటెంటు తీసుకున్నాడు. వెండి మెత్తన. గట్టి గుడ్డలో సూదిని తోస్తుంటే సూది మొదలు వెండిని తొలుచుకుపోయేది. అందుకని రెండు వెండి పొరల మధ్య ఉక్కు పెట్టించాడు. ఒకరి వేలు కాయడానికి అంత ఆలోచించి చేసిన వస్తువది. జర్మనీలో క్రెగ్లింగెన్ అనే ఊళ్లో వీటికి మ్యూజియమే ఉంది. అంగుస్తానా మ్యూజియంలో ఊరికే ఉన్నా చెల్లుతుంది, కుట్టుపని చేసే ఇంట్లో చెల్లదు.

పాతబస్తీలో షేర్వాణీలు కుట్టే దుకాణంలో చేరినప్పుడు ఉస్తాదు నా నడివేలు వంచి దారంతో కట్టాడు. దారం ఎక్కించని సూదిని గుడ్డలో దింపి తీస్తూ ఉండమన్నాడు. దర్జీ అంగుస్తానాకు పైన మూత ఉండదు. వేలికొనతో కాకుండా గోటి పక్క నుంచి తోయాలి. దాని మీది గుంటల్లో సూది మొదలు జారకుండా నిలుస్తుంది. అలవాటైతే కాన్వాసు కూడా వెన్నలా దిగుతుంది. కానీ కుర్రాళ్లం, మాకది చిన్నతనంగా ఉండేది. అది లేకుండా కాజాలు కుట్టేవాడే మొనగాడని పందేలు వేసుకునేవాళ్లం.

మీ నాన్న ఇంటరు మధ్యలో మానేసిన సంగతి మన ఇంట్లో అందరికీ తెలుసు. చదువు మీద బుద్ధి నిలవక మానేశాడని మీ నాన్నమ్మ నలుగురికీ చెప్పేది. నన్ను కాపాడటానికే అలా చెప్పింది. ఆ ఏడు రంజాను ముందు, దుకాణం నిండా పని ఉండగా, అలా ఉత్త వేలితో కుడుతూ సూది గుచ్చుకుని నా వేలికి చీము పట్టింది. యజమాని నెల జీతం ఎగ్గొట్టి ఇక రావద్దన్నాడు. ఇల్లు గడవాలి కదా, మీ నాన్న కిరాణా కొట్లో పొట్లాలు కట్టడానికి వెళ్లాడు. మళ్లీ కాలేజీ మెట్లెక్కలేదు.

ఇప్పటి తీరు ఇంకా వింత. మిషను మీద కుట్టి చేతిపని అని అమ్మేవాళ్లు కొందరు, చేతిపని చేయించుకుని మిషను కూలి ఇచ్చేవాళ్లు కొందరు. రాత్రంతా కూర్చోబెట్టి, "నువ్వు మా ఇంటి పిల్లవి" అంటూ లెక్క దాటేసేవాళ్లు మరికొందరు. ఓర్చుకోవడం మంచిదే. నీ ఓర్పు మీద ఎవరు బతుకుతున్నారో చూసుకోవడం ఇంకా మంచిది.

ఇక సూటిగా చెబుతా. బీరువాలోవి ముట్టుకోకు. టైలరింగ్ సామాను దుకాణానికి వెళ్లి, గుంటలు లోతుగా ఉన్న మామూలు స్టీలుది నడివేలికి తొడిగి చూడు. చెయ్యి కిందికి విదిలిస్తే జారకూడదు, వేలు తిమ్మిరెక్కకూడదు. చిల్లు పడిన రోజే పారెయ్యి. ప్లాస్టరు కింద వేలు వాచి దపదపలాడుతుంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి నడు.

నీచేత బ్లౌజులు కుట్టిస్తున్న ఆవిడ పాత బాకీ తీర్చేదాకా కొత్త బ్లౌజు తీసుకోకు. హెమ్మింగుకు ఎంత, కాజాకు ఎంత, హుక్కుకు ఎంత అన్నది కాగితం మీద రాసి సంతకం పెట్టించుకో. మొహమాటమైతే నా పేరు చెప్పు, మా పెదనాన్న ముసలివాడు, మొండివాడు అను. ఆదివారం పదింటికల్లా వస్తాను. ఎన్ని కుట్టావో, ఎంత రావాలో రాసి ఉంచు. ఆవిడ దగ్గరికి ఇద్దరం వెళదాం.

మీ పెదనాన్న