సంతకం

షెల్టర్ నుంచి ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంటికి తెచ్చిన ఐదో రోజుకే కుక్కపిల్లకి వాంతులు, నెత్తురు విరేచనాలు. పార్వో అన్నారు. 1970ల చివర్లో బయటపడ్డ వైరస్. పేగుల లోపలి పొరనే తినేస్తుంది. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. తేరుకోలేదు. "ఆశ లేదనను, చాలా తక్కువ" అంటూ డాక్టరమ్మ నిద్రపుచ్చే కాగితం నా ముందుకు జరిపింది.

1928లో సబర్మతి ఆశ్రమంలో, బాగుపడదని తేలిన దూడకి గాంధీగారు ఇంజెక్షన్ ఇప్పించి ప్రాణం తీయించారు. అదీ అహింసేనని వాదించారు. ఎంతమంది తిట్టిపోశారో! కానీ ఆ దూడకి ఆశ లేదు. మా దానికి కాస్త ఉంది. ఆ కాస్తనీ కొట్టేసింది నా సంతకమే. దాని బాధ చూడలేకా, చూడాల్సిన నా బాధ పడలేకా?

ఫోన్లో అమ్మ, "మన వీధికుక్కలు ఏ మూలకో పోయి చచ్చేవి. ఎవరు సంతకం పెట్టారే?" అంది. నిజమే. అక్కడ మనం చూసేవాళ్ళమూ కాదు.

సూదికి ముందు అది నా వేలు నాకింది. నమ్మకమో, దాహమో.

మరో కుక్కపిల్లని తేవాలంటే ముందు ఇల్లంతా బ్లీచ్‌తో కడగాలట. నేల కడిగాను. దాని నీళ్ళగిన్నె ఇంకా అలాగే ఉంది.