చీల్చబడిన గొఱ్ఱెను తెచ్చి చూపుట



నిర్గమకాండము 22వ అధ్యాయము 10 మొదలు 13 వరకు తీసి చదువుడి. పొరుగువాడు కాపాడుమని అప్పగించిన గొఱ్ఱెను మృగము చీల్చినయెడల, కాపరి మిగిలిన ముక్కలను తెచ్చి చూపవలెను. అవియే సాక్ష్యము. అప్పుడు అతడు నష్టము అచ్చుకొన నక్కరలేదు. ఇది మనకు క్రొత్తది కాదు. బీమా చేయించిన గొఱ్ఱె చచ్చినప్పుడు చెవి ట్యాగు చూపనిదే సొమ్ము రాదని మన కాపరులు ఎరుగుదురు.

గడచిన కోతకాలమున గృహప్రార్థన ముగించుకొని వచ్చుచుండగా, రోడ్డుపై ఆరబోసిన వడ్లమీద మా మోటారుసైకిలు జారెను. (ఆరబోసినవారిలో మన సంఘస్థులును ఉన్నారు. ఆ సంగతి మరియొక నెలలో వ్రాయుదుము.) మోకాలు చెక్కుకొనిపోయెను. హెడ్‌లైటు, ముందు మడ్‌గార్డు పగిలెను, హ్యాండిలు వంగెను.

మరునాడు బండిని పట్నములోని షెడ్డుకు తీసికొనిపోగా మెకానిక్కు మొదట పాలసీ కాగితము అడిగెను. కంపెనీకి తెలియజేసి, సర్వేయరు చూచువరకు బోల్టు విప్పనని చెప్పెను. అది మంచి మాట. మరియొకటి కూడ చెప్పెను. 2018 సెప్టెంబరు 1 మొదలు క్రొత్త బండికి అయిదేండ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. దానివలన మన బండి తగిలి గాయపడినవారికి పరిహారము వచ్చును గాని, మన బండి బాగుకు పైసా రాదు. సొంత నష్టపు బీమా పలువురికి మొదటి యేటితోనే ముగియును. అయిదేండ్ల కాగితము చేతనుండగా భయమేమని వచ్చి, కన్నీళ్లతో తిరిగి పోవువారు కలరట. మీ కాగితములు ఈ రాత్రియే తీసి చూచుకొనుడి.

మా బండికి రెండును ఉండెను. అయితే ఎస్టిమేటు వ్రాయుచు మెకానిక్కు మా సైలెన్సరు చూచెను. అది క్రిందటి యేడే తుప్పుపట్టి చిల్లిపడినది. "అయ్యగారూ, ఇదీ ఈ పడడంలోనే పోయిందని వ్రాయిస్తే సరి. కంపెనీ సొమ్మే గదా" అని మెల్లగా అనెను.

మేము వెంటనే కాదనలేదు. సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము. ప్లాస్టిక్కు, రబ్బరు సామానుకు తరుగుదల క్రింద సగము కోయుదురని అప్పుడే వింటిమి. వారు కోయుచుండగా మనము కొంచెము కలిపిన దోషమేమని మనస్సు లెక్కలు కట్టెను. పిమ్మట ఆ కాపరి జ్ఞాపకమునకు వచ్చెను. నేడు చీల్చబడిన గొఱ్ఱెతోకూడ, నిరుడు రోగముతో చచ్చినదాని కాలొకటి తెచ్చి పెట్టినయెడల అతని సాక్ష్యమేమగును? కంపెనీ సొమ్మనునది మనవలె ప్రీమియము కట్టిన అందరి సొమ్మే. అదియుగాక, మెకానిక్కు మన సంఘస్థుడు కాడు. పాదిరి ఏమి చెప్పునోయని మా ముఖమునే చూచుచుండెను.

లైసెన్సు లేని కుమారుడు పడగా తండ్రి నడిపినట్లు వ్రాయించుటయు ఈ జాతిదే. లేవీయకాండము 6వ అధ్యాయపు మొదటి వచనములు చదువుడి.

అయితే న్యాయముగా రావలసినదానిని విడువనక్కరలేదు. తగ్గించి ఇచ్చినయెడల కారణము వ్రాతమూలముగా అడుగుడి. కంపెనీకి ఫిర్యాదు వ్రాసి నెల దినములు చూడుడి. ఆపైన హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. అందుకు రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

సైలెన్సరును ఇంకను ఇనుపతీగతోనే కట్టియున్నాము. మేము వచ్చుచున్నట్లు చెరువుకట్ట దాటకముందే ఊరివారికి తెలిసిపోవుచున్నది.